మెదడుకు సాధన: వల్లెవేత నుండి కంప్యూటర్ ఆటల దాకా



డెబ్బై దాటిన మిత్రుల నోట ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "రోజూ సుడోకు నింపుతున్నాను, ఫోనులో మెదడు ఆటలు ఆడుతున్నాను. ఇక మతిమరుపు జబ్బు రాదు గదా డాక్టరుగారూ?" అని. పిల్లల తల్లిదండ్రుల ప్రశ్న మరొక తీరుగా ఉంటుంది. "అబాకస్‌లో చేర్పిస్తే చదువంతా మెరుగుపడుతుందా?" అని అడుగుతారు. పైకి వేరుగా కనిపించినా ఈ రెండూ ఒకే ప్రశ్న. ఒక పనిలో మెదడుకు ఇచ్చిన శిక్షణ మిగిలిన పనులకు కూడా అందివస్తుందా, లేక ఆ పనిలోనే ఆగిపోతుందా? నిన్నమొన్నటి పరిశోధనలు మాత్రమే చదివితే దీనికి జవాబు సగమే దొరుకుతుంది. మనుషులు మెదడును ఎలా సానబట్టుకుంటూ వచ్చారో ఆ చరిత్ర కూడా చూడాలి. కొంచెం తీరికగా చూద్దాం.

జ్ఞాపకశక్తి తగ్గిపోతున్నదన్న బెంగ సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో వ్రాసిన 'ఫీడ్రస్' సంభాషణలో సోక్రటీసు ఒక ఈజిప్టు కథ చెబుతాడు. వ్రాతను కనిపెట్టిన దేవుడు దానిని రాజుకు చూపించి మురిసిపోతే, రాజు పెదవి విరిచి, దీనివలన మనుషులు గుర్తుంచుకోవడం మానేస్తారని అంటాడు. ఫోను నంబర్లు నోటికి రావడం లేదని మనం వాపోతున్న తీరు అచ్చం ఇలాగే ఉన్నది. ఆ గ్రీకులలోనే సిమోనిడీస్ అనే కవి ఉండేవాడు. విందు జరుగుతున్న ఇంటి కప్పు కూలి, లోపలివారు గుర్తుపట్టరానంతగా నలిగిపోయారట. అంతకు కొద్దిసేపటి ముందే బయటకు వచ్చిన సిమోనిడీస్, ఎవరు ఏ చోట కూర్చున్నారో తలచుకొని ఒక్కొక్క దేహమూ ఎవరిదో చెప్పగలిగాడట. క్రీ.పూ. 55లో రోమన్ వక్త సిసెరో వ్రాసి ఉంచిన కథ ఇది. గుర్తుంచుకోవలసిన విషయాలను, బాగా తెలిసిన ఇంటిలోని గదులలో వరుసగా ఉంచినట్లు ఊహించుకొని, మనసులోనే ఆ ఇంట్లో నడుస్తూ తిరిగి ఏరుకోవడం అనే పద్ధతికి మూలం ఇదేనని చెబుతారు. నేటి జ్ఞాపకశక్తి పోటీలలో గెలిచేవారు కూడా ఎక్కువగా ఈ ఉపాయాన్నే వాడుతున్నారు.

మన దేశంలో దారి వేరు. ఇక్కడ దృష్టి బొమ్మ మీద కాదు, ధ్వని మీద. వేదాన్ని గురుముఖతః సంత చెప్పుకొని, వల్లె వేసి, తరతరాలుగా నోటితోనే నిలబెట్టారు. అందుకోసం ఏర్పరచుకున్న పాఠ పద్ధతులను ఒక వైద్యునిగా చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలుగుతుంది. వరుసగా వచ్చే మూడు పదాలను 1, 2, 3 అనుకోండి. క్రమపాఠంలో 1-2, 2-3 అని జంటలుగా చెబుతారు. జటలో 1-2, 2-1, 1-2 అని ముందుకూ వెనుకకూ పోతారు. ఘనలో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని సాగుతుంది. వెనుక నుండి చెప్పేటప్పుడు అర్థం సాయపడదు, అలవాటైన ఒరవడి కూడా సాయపడదు. ప్రతి పదం తన ఇరుగుపొరుగు పదాలతో ఇన్ని విధాలుగా ముడిపడినందువలన, ఒక చోట తప్పు దొర్లితే మరొక చోట బయటపడుతుంది. మూలాన్ని చెడకుండా కాపాడటానికి ఏర్పడిన కట్టుదిట్టం ఇది. చదివేవాని తెలివిని పెంచాలన్నది దాని ఉద్దేశం కాదు. ఈ తేడాను కొంచెం గుర్తుంచుకోండి.

ఇక మన తెలుగువారి అవధానం. దీనిని గురించి కొంత ఎక్కువసేపు చెప్పుకోవాలి. మెదడు సాధనను వేదిక మీద, పదిమంది ఎదుట పరీక్షకు నిలబెట్టిన ప్రక్రియ ఇది. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) జంట దీనిని ఊరూరా తిప్పి జనానికి అలవాటు చేసింది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు. ఇంతలో ఒకరు అప్రస్తుత ప్రసంగంతో సంబంధం లేని మాటలు వేసి ధ్యాస మళ్లిస్తారు, మరొకరు తమకు తోచినప్పుడల్లా గంట కొడతారు. అవధాని ఒక్కొక్కరికి పద్యంలో ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ నాలుగు ఆవృత్తాలు తిరిగి, చివరకు అన్ని పద్యాలనూ ఆమూలాగ్రం ధారణ చేసి, గంటలెన్నో కూడా చెప్పాలి. శతావధానమైతే వందమంది పృచ్ఛకులు.

ఇటువంటివారిని ఏకసంథాగ్రాహులని చేతులు జోడించి ఊరుకోవడం మనకు అలవాటు. అలా ఊరుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. అవధాని గుర్తుంచుకొనేది విడివిడి అక్షరాలను కాదు. గణాలు, యతి, ప్రాస అనే చట్రంలో ఇమిడిన పాదాలను. ఉత్పలమాల అని తెలియగానే ఏ స్థానంలో గురువు, ఏ స్థానంలో లఘువు రావాలో ముందే తేలిపోయింది. ప్రాసాక్షరం తెలిస్తే నాలుగు పాదాల రెండవ అక్షరమూ చేతికి వచ్చినట్లే. యతి తెలిస్తే పాదం నడుమ ఒక కొక్కెం దొరికింది. వేలకొద్దీ పద్యాలు నోటికి వచ్చిన మనిషికి ఈ చట్రం ఊపిరి పీల్చినంత సహజం. అందుచేత మీకూ నాకూ ఎనభై అక్షరాలుగా కనిపించేది ఆయనకు నాలుగైదు ముద్దలుగా కనిపిస్తుంది. ఛందస్సు లేని వంద అంకెలను చదివి వినిపిస్తే ఆ అవధానికి మనకన్నా పెద్దగా మేలు జరగకపోవచ్చు. శతావధానం చేసినవారు కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతుక్కున్నా అందులో వింత లేదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఈ సంగతిని పడమటి దేశాల వారు ప్రయోగాలు చేసి తేల్చారు. పందొమ్మిదవ శతాబ్దంలో యూరపు, అమెరికా విద్యావేత్తలు మనసును కండరంతో పోల్చేవారు. లాటిన్ వ్యాకరణం, రేఖాగణితం పిల్లలకు ఎందుకు నేర్పాలంటే, వాటితో బుద్ధికి సాము చేయించినట్లవుతుందని, ఆ బలం తరువాత ఏ పనికైనా పనికివస్తుందని వారి వాదన. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ దీనిని తన మీదనే పరీక్షించుకున్నారు. విక్టర్ హ్యూగో కవితలో 158 పంక్తులు కంఠస్థం చేయడానికి ఆయనకు సుమారు 132 నిమిషాలు పట్టింది. తరువాత 38 రోజుల పాటు మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' మొదటి భాగాన్ని బట్టీ పట్టారు. ఇంత వ్యాయామం తరువాత హ్యూగో కవితలోనే మరొక 158 పంక్తులు నేర్చుకోబోతే, తగ్గవలసిన సమయం పెరిగి 151 నిమిషాలు దాటింది! అప్పటికి తాను ఇతర పనులతో అలసి ఉన్నానని ఆయనే నిజాయితీగా వ్రాసుకున్నారు. 1890లో వచ్చిన ఆయన గ్రంథంలో ఈ లెక్కలు ఉన్నాయి.

అంతకు 5 సంవత్సరాల ముందే జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ మరపును కొలిచారు. అర్థంలేని అక్షరాల గుంపులను తానే వల్లె వేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్క కట్టారు. నేర్చుకున్న గంటలోపే సగానికి పైగా జారిపోతున్నదని, ఆ తరువాత మరపు నెమ్మదిస్తున్నదని తేలింది. ఆయన చెప్పిన మరొక సంగతి విద్యార్థులందరికీ తెలియవలసినది. ఒకే రోజున 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పంచి 38 సార్లు వల్లె వేస్తేనే వచ్చింది. పరీక్ష ముందు రాత్రి జాగారం చేసే పిల్లలకు ఇంతకన్నా మంచి సలహా ఈనాటికీ లేదు. మన వీధిబడులలో ఎక్కాలను ప్రతిరోజూ కొద్దికొద్దిగా చెప్పించడంలో ఉన్న కిటుకు ఇదే. పంతుళ్లకు ఎబింగ్‌హౌస్ పేరు తెలియవలసిన అవసరం లేకపోయింది.

1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు అమెరికన్లు కండరం వాదానికి గట్టి దెబ్బ కొట్టారు. కాగితపు ముక్కల వైశాల్యాన్ని కంటితో చూసి అంచనా కట్టడంలో కొందరికి శిక్షణ ఇచ్చారు. ఒక రకం ముక్కల మీద వారి చూపు పదునెక్కింది. ఆకారమో పరిమాణమో మార్చి ఇస్తే ఆ పదునులో చాలా భాగం కనబడకుండా పోయింది. పాత పనికీ కొత్త పనికీ ఉమ్మడి అంశాలు ఎన్ని ఉంటే అంత మేరకే శిక్షణ అందివస్తుందని వారు చెప్పారు. తరువాత 1924లో థార్న్‌డైక్ ఎనిమిది వేలకు పైగా హైస్కూలు విద్యార్థులను పరిశీలించారు. లాటిన్ చదివిన పిల్లలకు దానివలన ఆలోచనాశక్తిలో ప్రత్యేకంగా కలిగిన మేలు చాలా స్వల్పమని తేలింది.

విజ్ఞానం ఇలా చెబుతున్నా బజారు ఆగలేదు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి బ్రిటన్‌లో 'పెల్మనిజం' అనే పోస్టల్ కోర్సు ఊపందుకున్నది. పత్రికల నిండా దాని ప్రకటనలే. చిన్న చిన్న పుస్తకాలు టపాలో ఇంటికి వస్తాయి, వాటిలోని అభ్యాసాలు చేస్తే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఉద్యోగంలో పైకి రావడం అన్నీ సమకూరుతాయని ఆశ పెట్టేవారు. ప్రముఖుల సిఫారసులు కూడా ఉండేవి. నేటి ఫోను యాప్‌ల ప్రకటనలను పక్కన పెట్టి చూస్తే, టపా పోయి ఇంటర్నెట్ వచ్చిందన్నదే తేడా.

అవధానం గురించి నేను పైన చెప్పినదానికి సరిగ్గా సరిపోయే ప్రయోగం 1980లో ప్రచురితమైంది. ఎరిక్సన్, చేజ్ అనే పరిశోధకులు ఒక సామాన్యమైన కళాశాల విద్యార్థికి అంకెలు వినిపించి తిరిగి చెప్పించేవారు. మొదట్లో అందరిలాగే అతడు 7 అంకెలే చెప్పగలిగాడు. ఏడాదిన్నరకు పైగా, మొత్తం 230 గంటల సాధన తరువాత 79 అంకెలు చెప్పాడు. ఎలాగంటే, అతడు పరుగు పందెగాడు. వినిపించిన అంకెలను మూడు నాలుగు చొప్పున విడదీసి, ఇది మైలు పరుగు సమయం, ఇది మారథాన్ సమయం అని మనసులో ముద్ర వేసుకొనేవాడు. అప్పుడు పరిశోధకులు అంకెలు మాని అక్షరాలు వినిపించారు. ఒక్కసారిగా అతడు 6 అక్షరాలకు దిగిపోయాడు. అతనికి పరుగు సమయాలు ఎటువంటివో, అవధానికి ఛందస్సు అటువంటిది. చట్రం మారితే సామర్థ్యం తోడు రాదు.

అయితే సాధన వలన మెదడులో ఏ మార్పూ రాదా? వస్తుంది. మేము వైద్యం చదివే రోజుల్లో, ఎదిగిన మెదడు ఇక మారదన్నట్లే పాఠ్యపుస్తకాలు చెప్పేవి. అప్పటికే 1964లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు, ఆటవస్తువులూ తోటి ఎలుకలూ ఉన్న బోనులో పెరిగిన ఎలుకలకు మెదడు పైపొర మందంగా ఉన్నట్లు చూపించారు గాని, ఆ మాట మా పుస్తకాలకు ఎక్కడానికి చాలా కాలం పట్టింది. మనుషులలో ప్రసిద్ధమైన ఉదాహరణ లండన్ టాక్సీ డ్రైవర్లది. చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలో ఉన్న సుమారు 25,000 వీధులను కంఠతా నేర్చుకుంటే గాని అక్కడ లైసెన్సు ఇవ్వరు. మూడు నాలుగేళ్ల చదువు అది. 2000లో ఎలియనార్ మగ్వైర్ బృందం, ఈ డ్రైవర్లకు మెదడులో హిప్పోకాంపస్ అనే జ్ఞాపక కేంద్రపు వెనుక భాగం పెద్దదిగా ఉన్నదని ఎం.ఆర్.ఐ. ద్వారా చూపింది. పుట్టుకతోనే అది పెద్దదై ఉన్నవారే ఈ వృత్తిలోకి వచ్చారేమో అన్న అనుమానం రావడం సహజం. దానికి జవాబు 2011లో వచ్చింది. శిక్షణలో చేరిన 79 మందిని మొదట్లోనూ చివరలోనూ పరిశీలిస్తే, పరీక్ష నెగ్గిన 39 మందిలోనే ఆ భాగం పెరిగింది. దీనికి వారు కొంత మూల్యం కూడా చెల్లించారు. ఒక చిక్కుబొమ్మను చూసి కొంతసేపటి తరువాత తిరిగి గీయడంలో వారు ఇతరుల కన్నా వెనుకబడ్డారు.

మన దేశంలో 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం 21 మంది వేదపండితుల మెదళ్లను పరిశీలించి, భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన కొన్ని భాగాలు ఇతరులలో కన్నా దట్టంగా ఉన్నట్లు చూపింది. గర్వపడదగిన విషయమే. కాని అక్కడ శిక్షణకు ముందు తీసిన చిత్రాలు లేవు. కనుక మంత్రం చదివితే మెదడు పెరుగుతుందని, మతిమరుపు రాదని దాని పేరు చెప్పి తిరుగుతున్న సందేశాలకు ఆ అధ్యయనం బాధ్యత వహించదు.

ఇక కంప్యూటర్ ఆటల సంగతి. 2005లో జపాన్‌లో ఒక వీడియో ఆట 'మెదడు వయసు' లెక్క కట్టి చెప్పడం మొదలుపెట్టిన తరువాత ఈ వ్యాపారం ప్రపంచమంతా పాకింది. 2010లో బ్రిటన్‌లో బి.బి.సి. సాయంతో 11,430 మందిని ఆరు వారాలు ఇటువంటి ఆటలు ఆడించి చూశారు. ఆడిన ఆటలో అందరూ మెరుగుపడ్డారు. ఆడని పరీక్షలలో ఆ మెరుగు కనిపించలేదు. థార్న్‌డైక్ కాగితపు ముక్కలు మళ్లీ బల్ల మీదకు వచ్చినట్లయింది. 2016లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య కమిషన్, వృద్ధాప్యపు మతిమరుపును అడ్డుకుంటామంటూ ఆధారం లేని ప్రకటనలు చేసినందుకు లూమోసిటీ సంస్థ నుండి 20 లక్షల డాలర్లు కట్టించింది. మన నగరాలలో 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో పిల్లల కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివించే తరగతులది ఇంకా అన్యాయం. ఆ చదువంతా ముక్కు పక్కన గంతకు ఉన్న సందులో నుండే. మధ్య మెదడు పనిచేయని పిల్లవాడు స్పృహలో కూడా ఉండడు. దానిని వేలకు వేలు పోసి మేల్కొలపవలసిన అవసరం ఏమున్నది?

న్యాయంగా రెండవ వైపు కూడా చెప్పాలి. వృద్ధుల మీద జరిగిన శిక్షణా పరీక్షలలో అతి ముఖ్యమైనది అమెరికాలోని 'యాక్టివ్' అధ్యయనం. 65 ఏళ్లు పైబడిన 2,832 మందిని విభజించి, ఒక వర్గానికి జ్ఞాపక ఉపాయాలు, ఒక వర్గానికి తర్కం, ఒక వర్గానికి కంప్యూటర్ మీద చూపు వేగం నేర్పారు. ఒక వర్గానికి ఏమీ నేర్పలేదు. నేర్పినది పది తరగతులే. 2002 నాటి ఫలితాలలో, ఎవరు నేర్చుకున్నదాంట్లో వారే మెరుగుపడ్డారు. పదేళ్ల తరువాత చూస్తే తర్కం, వేగం నేర్చినవారికి ఆ లాభం కొంత నిలిచి ఉన్నది. జ్ఞాపక ఉపాయాలు, అంటే సిమోనిడీస్ వంశానికి చెందినవి, నిలవలేదు. చూపు వేగం శిక్షణ ఏమిటంటే, తెర నడుమ క్షణకాలం మెరిసే వస్తువునూ, అంచున మెరిసే మరొక వస్తువునూ ఒకేసారి పట్టుకోవడం. ఈ వర్గంలో పదేళ్లకు డిమెన్షియా 29 శాతం తక్కువగా ఉన్నదని 2017లో ప్రకటించారు. అయితే అక్కడ జబ్బును నిర్ణయించిన తీరు మీద విమర్శలు ఉన్నాయి. కొట్టివేయదగిన ఫలితం కాదు, దీనిని చూపి ఏ యాప్ అయినా కొనవచ్చునని అనదగినది కూడా కాదు.

మెదడుకు మేలు చేసిన వాటిలో మెదడు ఆటలు కానివే ఎక్కువ ఉండటం మరొక విశేషం. 2011లో 120 మంది పెద్దలలో సగం మందిని ఏడాది పాటు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు నడిపించారు. వారి హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసిన వారిలో కొంత తగ్గింది. 2015లో ఫిన్లండ్ పరిశోధకులు 1,260 మందిని తీసుకొని, సగం మందికి ఆహారం, వ్యాయామం, మెదడు శిక్షణ, రక్తపోటు వంటి వాటి అదుపు నాలుగూ కలిపి రెండేళ్లు అమలు చేశారు. ఆలోచనా పరీక్షలలో వారికి మేలు కనిపించింది. నాలుగింటిలో దేనికి ఎంత పుణ్యమో విడదీయలేము.

మనకు దగ్గరి సంగతి ఒకటి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు ఒక్క భాషే తెలిసినవారి కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు లేనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడుకుంటూ, ఏ ఫీజూ కట్టకుండా జీవితమంతా సాగిన సాధన అది. ఇతర దేశాల అధ్యయనాలు అన్నీ దీనితో ఏకీభవించలేదు. అయినా మనుమలతో మాతృభాష మానిపించి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడిస్తున్న ఇళ్లవారు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలని నా కోరిక.

కాబట్టి సుడోకు మానమని నేను అనను. దాని వలన సుడోకు బాగా వస్తుంది, పూట సంతోషంగా గడుస్తుంది. నన్ను కలవరపెట్టేది వేరొకటి. మరపు మొదలైన పెద్దలు ఆ సంగతి ఇంట్లో దాచి, పజిళ్ల పుస్తకాలతోనూ మెమరీ టానిక్కులతోనూ నెలలు గడుపుతారు. ఆ మరపుకు కారణం బి12 లోపం కావచ్చు, థైరాయిడ్ మందగించడం కావచ్చు. దిగులు జబ్బు కావచ్చు, ఏళ్ల తరబడి మింగుతున్న నిద్రమాత్ర కావచ్చు. ఎప్పుడో బాత్‌రూములో జారిపడినప్పుడు తలలో నెమ్మదిగా చేరిన రక్తం కూడా కావచ్చు. వీటిలో చాలా వాటికి చికిత్స ఉన్నది, ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. వినికిడి తగ్గినవారు మాట సరిగా వినబడక మరచిపోయినట్లు కనిపించడం కూడా మామూలే. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను గుర్తించి, వాటన్నింటినీ తొలగించగలిగితే సుమారు 45 శాతం కేసులను నివారించడమో ఆలస్యం చేయడమో సాధ్యమని లెక్క కట్టింది. వినికిడి లోపం, చూపు లోపం, రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా అడిగిన మాటే మళ్లీ అడగడం, తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్క తడబడటం కొత్తగా మొదలైతే ఈ నెలలోనే వైద్యునికి చూపించండి. వారు వాడుతున్న మందులన్నీ, ఆకుమందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్లండి. వారిని ఒంటరిగా పంపకండి. మార్పు ఎప్పుడు మొదలైందో వారికన్నా పక్కన ఉన్నవారే సరిగా చెప్పగలరు.